రెండు తాళాల పెట్టె

మా ముత్తాత మా ఊరికి మునసబు. ఆయన తర్వాత మా తాత, తాత తర్వాత మా నాన్న. ప్రభుత్వం ఆ పదవులు రద్దు చేసేనాటికి మా నాన్నే ఆఖరి మునసబు. జగ్గయ్యపేట నుంచి నందిగామ పోయే రోడ్డు దిగి లోపలికి వస్తే సెంటర్లో మొదట కనిపించే మేడ మాది. ఊరి పేరు ఇక్కడ రాయను. ముత్తాత కాలంలో తలారులు పొద్దున్నే మా సావడి మెట్ల దగ్గర నిలబడి, ఊళ్ళోకి కొత్తగా ఎవరొచ్చారో, ఎవరు వెళ్ళారో, ఎవరింట్లో గొడవ జరిగిందో చెప్పేవారట. ఆయన వినేవాడు. విన్నది సావడి దాటేది కాదు. ఏటా శిస్తు లెక్కలు చూసే జమాబందీకి వచ్చిన తాసీల్దారు ఆయన కూర్చోమన్నాకే కూర్చునేవాడు. మా తాత హయాంలో పోలీసులు ఊళ్ళో ఎవరినైనా తీసుకెళ్ళాలంటే ముందు మా ఇంటికొచ్చి కారణం చెప్పాలి. కారణం చెప్పని ఒక హెడ్డు కానిస్టేబుల్‌కి మా తాత చల్లటి మజ్జిగ ఇప్పించి వెనక్కి పంపించాడని నా చిన్నప్పుడు ముసలివాళ్ళు నవ్వుతూ చెప్పేవారు.

ఆ సావడిలోనే పెట్టె ఉండేది. నడుం ఎత్తు ఇనప్పెట్టె, గోడకు ఆనించి, నలుగురు పట్టినా కదలనంత బరువు. మూత మీద రెండు గొళ్ళేలు, రెండు తాళాలు. అందులో అమ్మవారి నగలుండేవి. ఒక తాళంచెవి మా ఇంట్లో, రెండోది షావుకారు గారింట్లో. రెండు చెవులూ కలిస్తేనే పెట్టె తెరుచుకునేది. మా రెండు కుటుంబాలకీ మాటల్లేని ఏళ్ళు కూడా ఉన్నాయి. ఆ ఏళ్ళలోనూ తిరునాళ్ళ ముందు రోజు ఇద్దరూ వచ్చి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఎవరి తాళం వాళ్ళు తీసి పక్కకి జరిగేవారు. ఆ పెట్టెలోంచి ఒక ముక్కుపుడక కూడా ఎప్పుడూ పోలేదు.

తొంభైల్లో దేవాదాయ శాఖ వాళ్ళు నగలు బ్యాంకు లాకరుకి తీసుకెళ్తామని వచ్చారు. మా నాన్నకి అప్పటికే పదవి లేదు. చెరువు కింద పొలంలో సగం అక్కల పెళ్ళిళ్ళకీ, మిగతా సగంలో సగం ఎండిపోయిన బోర్లకీ పోయింది. అయినా ఆయన ఖద్దరు చొక్కా వేసుకుని వచ్చి పెట్టె పక్కన నిలబడ్డాడు. షావుకారు గారు ఆ రోజు సరుకు కోసం విజయవాడ వెళ్ళారు. వచ్చిన ఆఫీసరు కాసేపు చూసి, "తాళం పగలగొడదాం లెండి, పంచనామా రాసుకుంటాం," అన్నాడు.

"ఆయనొస్తాడు. మీరు కూర్చోండి," అన్నాడు మా నాన్న.

"నాకు సాయంత్రం మైలవరంలో పనుందండీ."

"అయితే వెళ్ళి రండి. పెట్టె ఎక్కడికీ పోదు."

ఆఫీసరు కూర్చున్నాడు. దీపాలు పెట్టే వేళకి షావుకారు గారు బస్సు దిగి, చేతిలో సంచి కూడా కింద పెట్టకుండా వచ్చి తాళం తీశారు. నగలు వెళ్ళిపోయాయి. ఖాళీ పెట్టె మా సావడిలోనే మిగిలింది. నాన్న పోయాక కూడా, మేడ మీద గదులు ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చిన రోజుల్లో కూడా, దానికి ఏటా నూనె రాయించడం నేను మానలేదు.

మా సెంటర్లోకి కెమెరాలు వచ్చింది ఆ తర్వాత చాలా ఏళ్ళకి. బంగారం షాపులో దొంగలు పడ్డారు. ఆ నెలలోనే బస్సు దిగిన ఒకావిడ మెళ్ళో గొలుసు తెంపుకుని మోటారుసైకిలు మీద హైవే ఎక్కి పోయారు. వర్తకులు తలా కొంత వేసుకుని కెమెరా కొందామన్నారు. అందరికంటే ముందు ముందుకొచ్చినవాడు విత్తనాలు, ఎరువుల వ్యాపారి. ఇరవై ఊళ్ళ రైతులు అతని దగ్గర ఖాతా పెట్టుకుని పంట వచ్చాక తీర్చేవారు. సెంటరంతా కనపడాలంటే ఎత్తు కావాలి. ఎత్తంటే మా మేడ పిట్టగోడ.

ఎస్సై తనే వచ్చాడు. చెప్పులు మెట్ల దగ్గర విడిచాడు. ఆ మాట ఎందుకు రాస్తున్నానంటే, మా నాన్న పోయాక మా సావడి మెట్ల దగ్గర చెప్పులు విడిచిన పోలీసాఫీసరు అతనొక్కడే.

"పెద్దింటివారని విన్నానండీ. మీరు సరేనంటేనే. నెలనెలా అద్దె ఇప్పిస్తాం, కాగితం రాసుకుందాం," అన్నాడు.

"మా ఇంట్లో ఊరి పనికి అద్దె తీసుకోం. కాగితం కూడా అక్కర్లేదు," అన్నాను.

లోపల గదిలోంచి మా ఆవిడ గాజులు చప్పుడయ్యాయి. ఆ చప్పుడుకి అర్థం నాకు తెలుసు. అతను వెళ్ళాక బయటకొచ్చింది.

"కరెంటు బిల్లన్నా కట్టుకునేవాళ్ళం కదండీ. ఇచ్చేవాడు ఇస్తానంటే వద్దనేవాళ్ళు ఈ మండలంలో మీరొక్కరే."

"మా తాతకి పోలీసులు అద్దె ఇచ్చారా?"

"మీ తాతగారికి కరెంటు బిల్లు లేదు," అని లోపలికెళ్ళింది.

అద్దె వద్దన్నాను గానీ షరతు పెట్టాను. షరతు పెట్టడం మా ఇంటి హక్కు. కెమెరా కోసం వర్తకులు వేసుకున్న కమిటీ మా సావడిలో కూర్చున్న రోజు అందరి ముందూ చెప్పాను. కెమెరా చూసింది రికార్డయ్యే మిషను స్టేషన్లో ఉండకూడదు. మా సావడిలో, అమ్మవారి పెట్టెలో ఉంటుంది. ఒక తాళం స్టేషన్‌ది, ఒక తాళం మాది. పోలీసులకి ఏదైనా చూడాలనిపిస్తే వచ్చి, ఎందుకో కమిటీకి చెప్పి, మా ముందు చూసుకుని వెళ్ళాలి. ఎవరు ఎవరింటికి వెళ్ళారు, ఎవరు ఎవరితో మాట్లాడారు అనేవి ఊరి సంగతులు. దొంగతనానికి సంబంధం లేనిది పెట్టెలోంచి బయటికి రాదు.

షావుకారు గారి కొడుకు, ఇప్పుడు అతన్నే షావుకారు అంటున్నారు, "బావుంది. మా నాన్న ఉంటే సంతోషించేవాడు," అన్నాడు. కమిటీకి అధ్యక్షుడు అతనే. టీ కొట్టు ఆయన చప్పట్లు కొట్టాడు. ఎస్సై ఏమంటాడోనని అందరూ చూశారు.

"చాలా మంచి పద్ధతండీ. అలాగే చేద్దాం," అన్నాడతను.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మా నాన్న ముందు ఆఫీసరు ఎంత గింజుకున్నాడో నాకు గుర్తుంది. ఇతను గింజుకోలేదు.

విజయవాడ నుంచి మెకానిక్కులు వచ్చారు. పిట్టగోడ మీద కెమెరా బిగించి, వైరు సావడిలోకి దించి, పెట్టెలోకి వైరు వెళ్ళాలంటే వెనక బెజ్జం కొట్టాలన్నారు. గడ్డపారలతో పెట్టెని గోడ నుంచి మూరెడు జరిపించి, కొట్టమన్నాను. నూరేళ్ళ ఇనుము. డ్రిల్లు మొన ఎర్రబడి పొగొచ్చింది. నా కళ్ళన్నీ మూత మీదా గొళ్ళేల మీదే ఉన్నాయి, అవి చెడగొడతారేమోనని. రెండు కొత్త తాళాలు వేశారు. ఒక చెవి ఎస్సైకిచ్చి రెండోది నా మొలతాడుకి కట్టుకున్నాను. పనివాళ్ళు ఇంకా వైర్లు సర్దుతుంటే నేను లోపలికెళ్ళి నాన్న ఫొటోకి దణ్ణం పెట్టుకున్నాను.

మొదట్లో అంతా అనుకున్నట్టే జరిగింది. మందుల షాపు ముందు పెట్టిన సైకిలు పోయిందని ఒక మేష్టారు కంప్లయింటిస్తే కమిటీని పిలిచాం, రెండు తాళాలూ తీశాం, ఒక చిన్న టీవీ తెచ్చి తగిలించాం. సెంటరంతా అందులో పడింది. బస్టాపు, టీ కొట్టు, బంగారం షాపు, విత్తనాల షాపు, మందుల షాపు, దాని పక్క నుంచి పైగదికెక్కే మెట్లు. అన్నీ వెలిసిన రంగుల్లో, శబ్దం లేకుండా. కనపడనిదల్లా మా గోడ మొదలే. కన్ను మా గోడ మీదే ఉంది కాబట్టి కింద ఏముందో దానికి కనపడదు. సైకిలు తీసుకెళ్ళింది మేష్టారి బావమరిదే అని తేలింది. మేష్టారి మొహం చూడాలి.

"దొంగ దొరికాడు గానీ ఇంట్లో అన్నం పెట్టేదెవరు మేష్టారూ?" అన్నాడు టీ కొట్టు ఆయన. అందరం నవ్వాం. పెట్టె మూసి తాళాలు వేశాం.

కొన్నాళ్ళకి ఒక కానిస్టేబుల్ వచ్చాడు. పెట్టె తీయాలన్నాడు.

"కారణం?"

"సార్ చూడమన్నారండీ."

"ఏం చూడమన్నారు?"

"అది సార్‌నే అడగాలండీ."

"అడిగి రా. కారణం తెస్తే తాళం తీస్తా."

మా ఆవిడ చేత మజ్జిగ ఇప్పించాను. తాగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ తర్వాత స్టేషన్ వాళ్ళు పెట్టె సంగతే ఎత్తలేదు. రెండు తరాల కింద మా తాత చేసిన పనే నేనూ చేశానని ఆ రోజు అన్నం తింటూ మా ఆవిడకి చెప్పాను. వాళ్ళు తాళం అడగకపోవడం మా మీద గౌరవం అనుకున్నాను.

ఊరు మారుతూ వచ్చింది. మొదట నేను గమనించలేదు. మంగలి ఒకరోజు గడ్డం గీస్తూ, "నిన్న మధ్యాహ్నం షాపు మూసి ఎక్కడికెళ్ళావని హెడ్డు గారు అడిగారండీ. ఆయనకెట్టా తెలిసిందో," అన్నాడు. అద్దంలో నా మొహం చూస్తూ అన్నాడు. టీ కొట్టు దగ్గర నేను వెళ్ళేసరికి మాటలు ఆగిపోవడం మొదలైంది. సెంటర్ మధ్యలోంచి నడిచే మనుషులు మా గోడ పక్కకి వచ్చేశారు. సంచులు పట్టుకున్న ఆడవాళ్ళు, చేతులు కట్టుకున్న మగవాళ్ళు, మా గోడకి భుజాలు రాసుకుంటూ వరసగా నడిచేవారు. గోడ మొదట్లో కన్నుకి కనపడదన్న సంగతి ఎలా తెలిసిందో, ఊరందరికీ తెలిసింది. సున్నం వాళ్ళ చొక్కాలకి అంటుకుని, గోడ మనిషి భుజం ఎత్తున ఒక చార లాగా మాసిపోయింది. నేను మళ్ళీ సున్నం వేయించాను. మళ్ళీ మాసిపోయింది.

ఆ ఏడు పత్తి కాయలేదు. మొక్కలు మనిషెత్తు పెరిగాయి, పూత వచ్చింది, రాలిపోయింది. పెనుగంచిప్రోలు వైపు నుంచి రెడ్డిగూడెం దాకా ఏ ఊళ్ళో చూసినా, మా సెంటర్లో విత్తనం కొన్నవాళ్ళందరిదీ అదే గతి. మాకు మిగిలిన పొలం చెక్కని కౌలుకి చేసే రైతుది కూడా. అతని తాత మా తాత దగ్గర పాలేరు. అతను ఆ ఏడు మా చెక్కతో పాటు ఇంకొకరి చేనూ పట్టి అంతా పత్తే వేశాడు. నందిగామ కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక ప్లీడరు సంత రోజున మందుల షాపు పైగదిలో కూర్చునేవాడు. ఈ రైతు మరికొందరిని పోగేసి ఆయన దగ్గరికి వెళ్దామనుకున్నాడు. అందరూ కలిసి వినియోగదారుల కోర్టులో వేస్తే విత్తనం నకిలీదని తేల్చవచ్చునని ప్లీడరు కబురు చేశాడు. ఒక్కటే జాగ్రత్త చెప్పాడు. కేసు వేసేదాకా ఎవరెవరు కలిశారో వ్యాపారికి తెలియకూడదు. అందరి ఖాతాలూ అతని దగ్గరే ఉన్నాయి, తెలిస్తే ఒక్కొక్కరినే విడగొడతాడు.

రైతు మా సావడి మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఎంత చెప్పినా పైకి రాడు.

"ఓ మాట అడగొచ్చా బాబుగారూ?"

"అడుగు."

"పైగదికెక్కేటప్పుడు ఆ కన్ను మమ్మల్ని చూస్తదంట గదా?"

"చూస్తుంది. చూసింది ఈ పెట్టెలోకి వస్తుంది. పెట్టెకి ఒక తాళం ఇదిగో," అని మొలతాడు చూపించాను. "నేను తీయకుండా ఎవడూ చూడలేడు. ఎస్సై కాదు, వాడి పై వాడు కాదు."

"మీరు చెప్తే ఇంకేముందండి," అన్నాడు. "మావాళ్ళు బయపడతన్నారు. బాబుగారి ఇంట్లో తాళం ఉంది, మనకేం పర్లేదని చెప్తా."

"నా మాటగా చెప్పు," అన్నాను.

సంత రోజున వాళ్ళు పైగదికి వెళ్ళారు. సావడిలో కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను. ఒకరి వెనక ఒకరు, తలగుడ్డలు విప్పి చేతిలో పట్టుకుని, మెట్లెక్కారు. గోడ పక్కన నక్కి నడవలేదు. సెంటర్ మధ్యలోంచి నడిచారు. మళ్ళీ సంతకి కూడా వచ్చారు, ఈసారి ఇంకొందరితో.

ఆ తర్వాతి సంతకి మెట్లు ఖాళీగా ఉన్నాయి. ప్లీడరు కిటికీ దగ్గర నిలబడి రోడ్డు వంక చూసి, చూసి, మధ్యాహ్నం బస్సుకి నందిగామ వెళ్ళిపోయాడు.

రైతు వచ్చాడు. ఈసారి మెట్ల దాకా కూడా రాలేదు. గోడ పక్కనే, కన్నుకి కనపడని చోట నిలబడ్డాడు. నేనే బయటికి వెళ్ళాల్సి వచ్చింది.

"విత్తనాల షాపాయన అందరినీ పిలిచాడండి. ఒక్కొక్కరినే. నువ్వు ఫలానా సంతకి వచ్చావు, నీ పక్కన ఫలానావోడు ఉన్నాడు, నీ బుజాన పచ్చ తువ్వాలుంది అని చెప్పాడంట. పచ్చ తువ్వాలు సంగతి కూడా చెప్పాడండి! విత్తనం మంచిదే, నీళ్ళు చాలక పోయిందని కాగితాల మీద సంతకాలు పెట్టిచ్చుకున్నాడు. పెట్టకపోతే ఖాతా కట్, బాకీ ఇప్పుడే కట్టాలన్నాడంట."

"నువ్వు?"

"నన్నింకా పిలవలా." అతను నా మొహం వంక చూడలేదు. నా నడుం వంక చూశాడు. "తాళం ఎవురికన్నా ఇచ్చారా బాబుగారూ?"

మా ఇంట్లో ఎవరినీ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. అతని తాత మా తాతని అడిగి ఉండడు. నేను మొలతాడు నుంచి చెవి విప్పి అతని చేతిలో పెట్టాను. అతను దాన్ని చూసి తిరిగి ఇచ్చేశాడు.

స్టేషన్‌కి బయల్దేరి, గొడుగు కోసం ఒకసారి వెనక్కొచ్చి, మళ్ళీ నడిచాను. ఎస్సై తన తాళంచెవి తెచ్చి, కమిటీ ముందు పెట్టె తెరిచి, ఎవరూ ముట్టుకోలేదని నిరూపించాలని అడగడానికి. స్టేషను మా ఇంటికి కూతవేటు దూరం. ఎస్సై గదిలో గోడ పక్కన బల్ల మీద టీవీ ఉంది. విత్తనాల వ్యాపారి కుర్చీలో వెనక్కి వాలి టీ తాగుతున్నాడు.

"రండి, రండి," అన్నాడు ఎస్సై లేచి. "పాన్ షాపు దాకా వచ్చి, గొడుగు మర్చిపోయి మళ్ళీ వెనక్కెళ్ళారు కదూ? ఎండలో పాపం."

టీవీలో మా సెంటర్ ఉంది. బస్టాపు దగ్గర మల్లెపూల ఆమె బుట్ట మీద తడిగుడ్డ సర్దుకుంటోంది. మందుల షాపు మెట్ల మీద ఒక కుక్క పడుకుంది. రోడ్డు మీద నల్లగా, పొడుగ్గా పడి ఉన్నది మా మేడ నీడ. పిట్టగోడ అంచు కూడా తెలుస్తోంది.

"ఇది పెట్టెలోదేనా?" అన్నాను.

"అయ్యో, పెట్టెలోది పెట్టెలోనే భద్రంగా ఉందండీ. దానికి మీ తాళం ఉంది, మా తాళం ఉంది. మీ మాట జవదాటలేదు. ఇది ఊరికే చూసుకోడానికి. లైవు."

"క్రికెట్టు లాగానండీ," అన్నాడు వ్యాపారి. "మ్యాచి చూడ్డానికి తాళం ఎందుకు? కూర్చోండి, టీ చెప్తా."

"నేను బయట టీ తాగను," అన్నాను. ఇంకేమన్నానో గుర్తు లేదు. ఎస్సై గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. అతని మర్యాదలో ఎప్పుడూ లోటు లేదు.

ఇంటికొచ్చి పెట్టె వెనక్కి వంగి చూశాను. అన్నాళ్ళలో నేను పెట్టె వెనక్కి చూడ్డం అదే మొదలు. కరెంటు వైరు కాక బెజ్జంలోంచి రెండు వైర్లు వస్తున్నాయి. ఒకటి పిట్టగోడ మీదికి. రెండోది కిటికీలోంచి బయటికెళ్ళి, కేబుల్ టీవీ వైర్లతో కలిసిపోయి, స్తంభం నుంచి స్తంభానికి స్టేషన్ దాకా. అన్నీ నల్ల వైర్లే. ఎవరూ పోల్చుకోలేరు. మా ముత్తాత దగ్గర్నుంచీ మా ఇంట్లో పెట్టెకి కాపలా అంటే ముందు వైపే. తాళాలున్న వైపు. నగలు బెజ్జంలోంచి నడిచి వెళ్ళవు కదా.

కమిటీని పిలిచాను. రెండో వైరు తీసేయాలి, లేదంటే ఆ టీవీ స్టేషన్లో కాదు, మా సావడిలో అందరికీ కనపడేలా ఉండాలి అన్నాను. అందరూ నేల చూశారు. వ్యాపారి మాత్రం నన్నే చూశాడు.

షావుకారు గొంతు సవరించుకున్నాడు. "మీ తాళం ఎవరన్నా తీశారా అండీ?"

"లేదు."

"పెట్టెలో వస్తువు పోయిందా?"

"లేదు."

"మరి మనం అనుకున్నది తప్పలేదుగా. పెట్టె తెరవకూడదనుకున్నాం. తెరవలేదు."

"మీ నాన్నగారైతే ఇలా అనేవారు కాదు."

"మా నాన్న కాలంలో వైర్లు లేవండీ," అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. భయం ఉంది. అతని కొట్టు ఆ బొమ్మలో ఎడమ వైపు మూలన పడుతుంది.

"అసలు షరతు ఎక్కడన్నా రాసుకున్నామా?" అన్నాడు వ్యాపారి. "పోనీ అద్దె రసీదన్నా ఉందా? ఎస్సై గారు ఇస్తానన్నారు కదా కాగితం. వద్దన్నది మీరే."

"ఈ సావడిలో మాట చాలు."

"మాటే నిలబెట్టుకున్నారు కదండీ మరి!" అన్నాడు. టీ కొట్టు ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. లేచి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. బయటికి వెళ్ళగానే అందరూ మా గోడ పక్కకి తిరగడం నేను సావడిలోంచి చూశాను. వ్యాపారి ఒక్కడే రోడ్డు మధ్యలోంచి వెళ్ళాడు.

అద్దె తీసుకుని ఉండాల్సిందని మా ఆవిడ అప్పుడు అనలేదు. తర్వాత కూడా అనలేదు. నేను కూడా అలా అనుకోలేదు. ఇప్పటికీ అనుకోను.

మిగిలింది రైతు. అతను ఇంకా సంతకం పెట్టలేదు. అతనొక్కడు నిలబడితే, సంతకాలు పెట్టినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి వస్తారని ప్లీడరు అంటున్నాడని తెలిసింది. నేను పొలం దాకా నడిచి వెళ్ళాను. అతను పీకేసిన పత్తి కట్టెలు మోపులు కడుతున్నాడు.

"మా ఇంటి వెనక సందులోంచి తలుపుంది. అక్కడ ఏ కన్నూ లేదు," అన్నాను. "ప్లీడరు గారిని అక్కడికే రమ్మంటా. మీవాళ్ళు ఒక్కొక్కరే సందులోంచి రావచ్చు. మా భోజనాల గదిలో కూర్చుని రాసుకోండి. తలుపు దగ్గర నేనుంటా."

అతను మోపు మీద మోకాలు పెట్టి, తాడు బిగించాడు.

"మీ ఇంటికా బాబుగారూ?" అన్నాడు. "కన్ను మీ ఇంటిమీదే గదండీ ఉంది."

కోపంగా అనలేదు. ఎవరైనా చిన్నపిల్లాడికి దారి చెప్పేటప్పుడు ఎలా చెప్తారో అలా చెప్పాడు. నేను గట్టు మీద నిలబడి ఉన్నాను. అతను మోపు ఎత్తుకుని బండి వైపు వెళ్ళాడు.

మర్నాడు తాపీ మేస్త్రిని పిలిచి పిట్టగోడ పడగొట్టమన్నాను. కెమెరా ఉన్న వైపంతా. ఆ గోడ మా ముత్తాత కట్టించింది. సున్నంలో బెల్లం కలిపి గానుగ తిప్పించి కట్టిన గోడ. మేస్త్రికి చేతులు రాలేదు.

"ఎందుకండీ ఇది? ఇంకా వందేళ్ళుంటుంది."

"నువ్వు కొట్టు."

మొదటి ఇటుకలు రోడ్డు మీద పడగానే జనం పోగయ్యారు. ఎస్సై మోటారుసైకిలు మీద వచ్చాడు. ఈసారి చెప్పులు, అంటే బూట్లు, విడవలేదు. విడిచే అవసరం రాలేదు, పైకి రాలేదు కాబట్టి. రోడ్డు మీంచే తల పైకెత్తి అడిగాడు.

"ఏంటండీ ఇది? కారణం తెలుసుకోవచ్చా?"

"నా ఇల్లు. నా గోడ," అన్నాను పైనుంచి. "ఈ ఇంట్లో కారణం మేం అడుగుతాం. చెప్పం."

అతను నవ్వాడు. నిజంగానే నవ్వాడు, బాగుందన్నట్టు. మేస్త్రితో, "కెమెరా జాగ్రత్తగా దించు బాబూ, జనం డబ్బుతో కొన్నది," అన్నాడు. సాయంత్రానికి కానిస్టేబుళ్ళు వచ్చి కెమెరా తీసుకెళ్ళారు. వాళ్ళ తాళంచెవి తెచ్చారు, నా తాళం నేను తీశాను, మిషను కూడా తీసుకెళ్ళారు. పద్ధతి ప్రకారమే. నేను అడక్కుండానే ఒకడు, "దీన్ని స్టేషన్లో పెట్టమన్నారండీ," అన్నాడు.

వారం తిరక్కుండా విత్తనాల షాపు ముందు ఇనప స్తంభం నిలబెట్టారు. మా మేడ కంటే ఎత్తు. దానిమీద కెమెరా ఒకటి కాదు, రెండు. ఒకటి సెంటర్ వైపు. రెండోది మా వైపు. అక్కణ్ణించి చూస్తే మా గోడ మొదలు బాగా కనపడుతుంది. మా సావడి మెట్లు కూడా కనపడతాయి. మా గోడ పక్కన నడిచేవాళ్ళు నడవడం మానేశారు. సున్నం ఇప్పుడు మాయదు. సెంటర్లో ఎవరూ ఎవరితోనూ నిలబడి మాట్లాడరు. టీ తాగి గ్లాసు పెట్టేసి వెళ్ళిపోతారు. మా ఆవిడ సావడి తలుపు పగలు కూడా మూసే ఉంచుతుంది. నేను తీస్తాను, ఆమె మూస్తుంది.

రైతుని పిలిచారు. సంతకం పెట్టాడు. కౌలు వదిలేస్తున్నానని కబురు తనే వచ్చి చెప్పలేదు, వాళ్ళ వదినతో పంపించాడు. జగ్గయ్యపేట దగ్గర సిమెంటు బస్తాలెత్తే పనికి వెళ్తున్నాడని ఆమె చెప్పింది. తర్వాత ఒకసారి నందిగామ బస్టాండులో ఎదురుపడ్డాడు. చేతులు జోడించి "బాబుగారూ" అన్నాడు. నేను పలకరించేలోపు అతని కళ్ళు నా తల మీదుగా పైకి, బస్టాండు కప్పు మూలలకి వెళ్ళాయి. అక్కడ ఏమీ లేదు. అయినా చూసుకున్నాకే మాట్లాడాడు. వానల గురించి మాట్లాడాడు.

ఆ చెక్కని కౌలుకి తీసుకుంటామని మరెవరూ రాలేదు. మా గడపలోకి రావడం కన్నులో పడుతుందని అందరికీ తెలుసు. ఆ ఎండాకాలం పొలం అమ్మేశాం. పెట్టెను కూడా అమ్మాం, జగ్గయ్యపేటలో పాత ఇనుము కొనే షాపుకి, తూకం మీద.